వీహెచ్‌ఎస్ క్యాసెట్ వీడియోలో వణుకు: సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడానికి సమగ్ర మార్గదర్శి

క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన వీడియోలో బొమ్మ వణుకుతోందంటే చాలామంది వెంటనే ఒక స్టెబిలైజర్ ఫిల్టర్ తగిలిస్తారు. కొన్ని టేపులకి అది పనిచేస్తుంది. చాలా టేపులకి వణుకు అలాగే ఉండిపోయి, పైగా బొమ్మ మసకబారుతుంది. మనం వణుకు అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి వేర్వేరు లోపాలు. ఒక్కో లైను పక్కకి జరగడం ఒకటి, బొమ్మ మొత్తం పైకీ కిందికీ ఎగరడం ఇంకొకటి, ఫీల్డుల (ఒక ఫ్రేములో లైను విడిచి లైనుగా ఉండే సగం బొమ్మల) వరస తారుమారవడం మరొకటి. మీ వీడియోలో ఉన్నది ఏదో ముందు తేల్చుకోండి. ఆ పని చేయకుండా ఎంత మంచి సాఫ్ట్‌వేర్ వాడినా ఫలితం ఉండదు.

ఇక్కడి అంకెలు ఎక్కువగా పాల్ అనే టీవీ పద్ధతి టేపులవి, అంటే 625 లైన్లు, సెకనుకి 25 ఫ్రేములు. ఇంకో టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

వణుకు ఎక్కడ పుడుతుంది

వీసీఆర్‌లోని డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు. దానికి ఎదురెదురుగా రెండు వీడియో హెడ్లు ఉంటాయి. పాల్‌లో అది నిమిషానికి 1500 సార్లు, ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 1798 సార్లు తిరుగుతుంది. సగం చుట్టుకి ఒక హెడ్ ఒక ఫీల్డును చదువుతుంది, మిగతా సగానికి రెండోది తర్వాతి ఫీల్డును. టేపు బిగువు కాస్త మారినా, ఏళ్ల తరబడి బీరువాలో ఉండి టేపు సాగినా, కుంచించుకుపోయినా, ఒక్కో లైను అసలు నిడివికంటే కొంచెం పొడవుగానో పొట్టిగానో వస్తుంది.

పాల్‌లో ఒక లైను 64 మైక్రోసెకన్లు. క్యాప్చర్ కార్డు 13.5 మెగాహెర్ట్జ్ వేగంతో నమూనాలు తీస్తుంది కాబట్టి ఒక పిక్సెల్ అంటే దాదాపు 74 నానోసెకన్లు. లైను అర మైక్రోసెకను ఆలస్యంగా మొదలైతే బొమ్మలో ఆ లైను దాదాపు ఏడు పిక్సెళ్లు పక్కకి జరిగిపోతుంది. పాత ట్యూబు టీవీల్లో సింక్ పల్స్ (లైను మొదలును చెప్పే సంకేతం) వెంటే కిరణమూ నడిచేది కాబట్టి ఇది పెద్దగా కనపడేది కాదు. క్యాప్చర్ కార్డు ప్రతి లైనునూ కచ్చితమైన గళ్లలో కూర్చోబెట్టాలి. అక్కడే లోపం బయటపడుతుంది.

ఇంకో విషయం. ఒక హెడ్ నుంచి రెండో హెడ్‌కి మారేచోట, బొమ్మ అడుగు భాగాన, సమయం ఒక్కసారిగా దూకుతుంది. కార్డులోని సింక్ సర్క్యూట్ ఆ దూకుడును అందుకోవడానికి కొన్ని లైన్లు పడుతుంది. అందుకే తర్వాతి ఫీల్డు పైభాగం జెండాలా ఒక పక్కకి వంగుతుంది.

ముందు రోగనిర్ధారణ

ఫైలును వర్చువల్‌డబ్2 అనే వీడియో ప్రోగ్రామ్‌లో తెరిచి, ఒక్కో ఫ్రేమునూ బాణం మీటలతో జరుపుతూ చూడండి. కదలిక లేని నిలువు గీత ఒకటి దొరకాలి: తలుపు చట్రం, స్తంభం, గోడ అంచు.

ఆ నిలువు గీత రంపం పళ్లలాగో అలలాగో ఉండి, ఫ్రేము ఫ్రేముకీ ఆకారం మారుతుంటే అది లైన్ జిట్టర్. గీత మధ్యా కిందా నిటారుగానే ఉండి, పైన ఓ ఇరవై ముప్పై లైన్లు మాత్రమే వాలితే హెడ్ మారేచోట పుట్టిన వంపు. గీత ఆకారం చెడకుండా బొమ్మ మొత్తం ఒకటి రెండు లైన్లు పైకీ కిందికీ దూకితే నిలువు జిట్టర్. ఇది వర్టికల్ సింక్ దెబ్బతిన్నప్పుడు వస్తుంది.

చేతి వణుకునీ టేపు వణుకునీ విడదీయడానికి ఒక నమ్మకమైన గుర్తు ఉంది. క్యామ్‌కార్డర్ బొమ్మ మూల వేసిన తేదీ అంకెలు చూడండి. దృశ్యం కదులుతున్నా అంకెలు కదలకుండా ఉంటే అది కెమెరా పట్టుకున్న చేతి వణుకు. అంకెలు కూడా దృశ్యంతో కలిసి ఎగురుతుంటే టేపు వణుకు. తేదీ లేని టేపుల్లో బొమ్మ పై అంచు చూడండి. చేతి వణుకులో అంచు నిలకడగా ఉండి లోపలి దృశ్యమే కదులుతుంది.

ఇక అసలు టేపు లోపమే కానిది ఒకటి. కదిలే మనిషి రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వేస్తున్నట్టు కనిపిస్తే, ఫీల్డుల వరస తప్పుగా నమోదైందని అర్థం. స్క్రిప్టులతో వీడియోను సవరించే ఏవీసింథ్‌లో అస్యూమ్‌టీఎఫ్‌ఎఫ్ (పై ఫీల్డు ముందు) పెట్టి సెపరేట్‌ఫీల్డ్స్‌తో ఫీల్డులను విడదీసి ఒక్కొక్కటే చూడండి. కదలిక వెనక్కీ ముందుకీ ఊగితే అస్యూమ్‌బీఎఫ్‌ఎఫ్‌కి (కింది ఫీల్డు ముందు) మార్చండి. డీవీ ఫార్మాట్ ఫైళ్లలో కింది ఫీల్డు ముందుంటుంది. మామూలు క్యాప్చర్ కార్డుల్లో ఎక్కువగా పై ఫీల్డు ముందుంటుంది. ఒక్క మాట మారిస్తే తగ్గిపోయే ఈ లోపానికి స్టెబిలైజర్లతో రోజులు వృథా చేసుకోవద్దు.

కదలిక మధ్యలో ఆగి ఆగి నడుస్తుంటే ఫ్రేములు పోయాయనో, పోయినచోట నకళ్లు చొప్పించారనో అనుమానించండి. పోయిన ఫ్రేమును ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఆ భాగం మళ్లీ క్యాప్చర్ చేయడమే మార్గం.

క్యాప్చర్‌లో చూసుకోవాల్సినవి

టేపూ వీసీఆరూ ఇంకా చేతిలో ఉంటే, సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు ఇంకోసారి క్యాప్చర్ చేయడం మేలు. టేపును చివరిదాకా ముందుకి తిప్పి, మళ్లీ మొదటికి తిప్పండి. ఇలా చేస్తే చుట్టల బిగువు సమానమవుతుంది. ట్రాకింగ్‌ను చేత్తో సరిచేయండి. వీలైతే ఇంకో వీసీఆర్‌లో పెట్టి చూడండి. రెండు యంత్రాల మధ్య తేడా ఒక్కోసారి ఏ ఫిల్టరూ చూపించలేనంత ఉంటుంది. లైన్ టీబీసీ (లైన్ల సమయాన్ని సరిచేసే సర్క్యూట్) ఉన్న వీసీఆర్ దొరికితే లైన్ జిట్టర్ చాలావరకు అక్కడే తీరిపోతుంది. విడిగా బయట పెట్టే ఫ్రేమ్ టీబీసీ పని వేరు. అది ఫ్రేములు పోకుండా కాపాడుతుంది, నిలువు ఎగురుడును ఆపుతుంది, కానీ లైన్ల అలలను చాలాసార్లు అలాగే వదిలేస్తుంది. ఈ రెంటినీ ఒకటే అనుకుని కొన్నవాళ్లు నిరాశపడుతుంటారు.

క్యాప్చర్ అమరికలు ఇవి:

1. పాల్‌కి 720 × 576, సెకనుకి 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీకి 720 × 480, సెకనుకి 29.97.
2. రంగు 4:2:2లో (రంగు వివరం అడ్డంగా సగం ఉండే పద్ధతిలో) ఉంచండి. కోడెక్ హఫ్‌యూవీ, యూటీ వీడియో, లాగరిత్‌లలో ఏదైనా సరే, నష్టం లేకుండా కుదించేది కావాలి. కుదించకుండా అయితే గంటకి దాదాపు 75 జీబీ అవుతుంది. ఈ కోడెక్‌లతో అందులో సగానికి అటూ ఇటూ వస్తుంది.
3. ధ్వని 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, పీసీఎం.
4. డీఇంటర్లేస్ (ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చడం), నాయిస్ తగ్గింపు, క్రాప్, సైజు మార్పు అన్నీ ఆపేయండి.
5. వర్చువల్‌డబ్ క్యాప్చర్ కిటికీలో పోయిన ఫ్రేముల లెక్కా, చొప్పించిన ఫ్రేముల లెక్కా కనపడతాయి. అవి పెరుగుతుంటే అక్కడే ఆపి కారణం వెతకండి.

నాలుగోదాంట్లో క్రాప్ వద్దనడానికి గట్టి కారణం ఉంది. 13.5 మెగాహెర్ట్జ్ దగ్గర 720 పిక్సెళ్లంటే 53.3 మైక్రోసెకన్లు. పాల్ లైనులో బొమ్మ ఉండేది 52 మైక్రోసెకన్లే, అంటే 702 పిక్సెళ్లు. మిగిలిన 18 పిక్సెళ్లు ఎడమాకుడీ తొమ్మిదేసి చొప్పున నల్లటి పట్టీలుగా మిగులుతాయి. పనికిరాని చోటులా కనిపించే ఈ పట్టీల అంచే, లైను ఎంత జరిగిందో కొలవడానికి మామూలు క్యాప్చర్‌లో మిగిలే ఒకే ఒక్క ఆధారం.

నిలువు ఎగురుడును సరిచేయడం

స్టెబిలైజర్లు అసలు పనికొచ్చేది ఈ లోపానికే. అయితే వాటిలో చాలావరకు ఇంటర్లేస్ వీడియో (ఒక్కో ఫ్రేమూ రెండు ఫీల్డులుగా ఉన్నది) మీద నేరుగా సరిగ్గా పనిచేయవు. రెండు ఫీల్డుల మధ్య సహజంగానే అర లైను తేడా ఉంటుంది. విడదీసిన ఫీల్డులను అలాగే ఇస్తే సాఫ్ట్‌వేర్ ఆ తేడానే వణుకని భ్రమపడుతుంది. కాబట్టి ముందు బాబ్ చేసి, ప్రతి ఫీల్డునూ పూర్తి ఎత్తు ఫ్రేముగా మార్చి, సెకనుకి 50 ఫ్రేముల మీద కొలవాలి.

ఏవీసింథ్‌లో వరస ఇలా ఉంటుంది. ఏవీఐసోర్స్‌తో ఫైలు తెరవండి. ఫీల్డుల వరస చెప్పండి. బాబ్ చేయండి. ఈ బాబ్ చేసిన వీడియోకి ఒక నకలు తీసి దానికి మాత్రమే కొంచెం బ్లర్ పెట్టండి. టేపు నురగ (నాయిస్) కొలతను చెడగొట్టకుండా ఉండటానికే ఇది. డీపాన్‌ఎస్టిమేట్ అనే ఫంక్షన్‌తో ఆ నకలు మీద కదలిక కొలిచి, ఆ కొలతలతో డీపాన్ ద్వారా బ్లర్ లేని అసలును జరపండి. డీపాన్‌ఎస్టిమేట్‌కి ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ ఫైలు కావాలి. అది లేకపోతే స్క్రిప్టు మొదట్లోనే ఆగిపోతుంది.

పక్క ఫ్రేముతో పోల్చి కొలిస్తే చిన్నచిన్న తప్పులు పోగుపడి బొమ్మ మెల్లగా జారిపోతుంది. అందుకే ఏవీసింథ్ వాడేవాళ్ల మధ్య తిరిగే స్టాబ్ అనే ఫంక్షన్ మెరుగు. అది ముందూ వెనకా ఉన్న కొన్ని ఫ్రేముల సగటు తీసి, ప్రతి ఫ్రేమునూ ఆ సగటుతో పోల్చి జరుపుతుంది. ఆధారం నిలకడగా ఉంటుంది కాబట్టి జారడం ఉండదు. ఇందులో రెండు విలువలు జాగ్రత్తగా చూడాలి. డీఎక్స్‌మ్యాక్స్ అడ్డంగా జరపగల గరిష్ఠ దూరం. నిలువు ఎగురుడుకి దీన్ని వీలైనంత చిన్నది చేయండి. డీవైమ్యాక్స్ నిలువుగా జరపగల గరిష్ఠ దూరం. దీన్ని 4తో మొదలుపెట్టండి. బొమ్మ ఒక ఫీల్డు లైను దూకితే బాబ్ చేసిన ఫ్రేములో అది రెండు లైన్లు అవుతుందని గుర్తుంచుకోండి. విలువ మరీ పెంచితే, కెమెరాను కావాలని పైకెత్తిన చోట్ల బొమ్మ పట్టి లాగినట్టు అవుతుంది.

డీపాన్‌లోని సబ్‌పిక్సెల్ విలువను ఇక్కడ 0 చేయండి. ఈ ఎగురుడు సాధారణంగా పూర్తి లైన్ల లెక్కన ఉంటుంది. పూర్తి పిక్సెళ్లలో జరిపితే బొమ్మ పదును పోదు. పావు పిక్సెల్, అర పిక్సెల్ జరుపుళ్లు ఒక్కోదానికీ ఇంకొంచెం మసక కలుపుతూ పోతాయి.

తేదీ అంకెలున్న టేపు దొరికితే ఇంకా మంచి దారి ఉంది. డీపాన్‌ఎస్టిమేట్‌లో కొలిచే కిటికీ ఎక్కడుండాలో విన్‌ఎక్స్, విన్‌వై, డబ్ల్యూలెఫ్ట్, డబ్ల్యూటాప్ విలువలతో చెప్పొచ్చు. కిటికీని తేదీ అంకెల మీదకి తెచ్చి కొలవండి. దృశ్యంలో మనుషులు పరుగెత్తినా, కెమెరా ఊగినా కొలత చెడదు. అంకెలు కదిలాయంటే టేపే కదిలింది.

స్క్రిప్టులు రాయడం ఇబ్బందైతే వర్చువల్‌డబ్2లో డీషేకర్ ఫిల్టర్ వాడండి.

1. ఫిల్టర్ల జాబితాలో డీషేకర్ చేర్చి, పాస్ 1 ఎంచుకోండి. వీడియో రకం దగ్గర ఇంటర్లేస్ అనీ, సరైన ఫీల్డు వరసనూ పెట్టండి.
2. ఫైల్ మెనూలో వీడియో అనాలిసిస్ పాస్ నడపండి. కదలికల లెక్క ఒక లాగ్ ఫైలులో పడుతుంది.
3. పాస్ 2కి మారండి. మోషన్ స్మూత్‌నెస్‌లో అడ్డం, తిప్పుడు, జూమ్ మూడూ 0 చేయండి. 0 అంటే ఆ దిశలో ముట్టుకోవద్దని అర్థం. నిలువుకి 1000 ఉంటుంది. దాన్ని 200 దగ్గరికి దించి మొదలుపెట్టండి, అప్పుడు వేగమైన ఎగురుళ్లే పోతాయి.
4. గరిష్ఠ సవరణ పరిమితి నిలువుకి 1 లేదా 2 శాతం. అంచులు నింపడానికి ముందూ వెనకా ఫ్రేములు వాడే సదుపాయం ఆపేయండి. టేపు బొమ్మలో అది దెయ్యపు నీడలు వేస్తుంది.

లాగ్ ఫైలు మామూలు టెక్స్టే. తెరిచి చూస్తే ఏ ఫ్రేము ఎంత దూకిందో వరసగా కనపడుతుంది. ఒక్క ఫ్రేము దగ్గర మాత్రం అంకె విపరీతంగా ఉంటే అది తప్పు కొలత. చాలాసార్లు అక్కడ షాట్ మారి ఉంటుంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌లోని విడ్‌స్టాబ్ ఫిల్టర్ కూడా రెండు దఫాలుగానే పనిచేస్తుంది. దానికి డీఇంటర్లేస్ చేసిన వీడియోనే ఇవ్వండి. రెండో దఫాలో ఆప్ట్‌జూమ్ 0, మ్యాక్స్‌యాంగిల్ 0, మ్యాక్స్‌షిఫ్ట్ 4 పెట్టకపోతే అది బొమ్మను తిప్పుతుంది, పెద్దది చేస్తుంది. అడ్డం, నిలువు విడదీసే వీలు లేకపోవడం దాని లోటు. ఈ పనికి మాత్రం డీషేకర్‌కే మా ఓటు.

లైన్ జిట్టర్: పట్టీ అంచుతో కొలిచి జరపడం

స్టెబిలైజర్ ఫ్రేము మొత్తాన్ని ఒక ముక్కగా జరుపుతుంది. లైన్ జిట్టర్‌లో ప్రతి లైనూ వేరే దూరం జరిగి ఉంటుంది. కాబట్టి స్టెబిలైజర్ దీన్ని ఎప్పటికీ సరిచేయలేదు. లైను ఎక్కడ మొదలైందో కచ్చితంగా చెప్పే సింక్ పల్స్ క్యాప్చర్ కార్డులోనే ఆగిపోయింది. ఫైలులో అది లేదు. ఉన్నదల్లా నల్ల పట్టీ అంచు.

ఆ అంచు వాడుకోవచ్చో లేదో ముందు చూడండి. బొమ్మ వెలుగు బాగా పెంచి ఎడమ పట్టీని దగ్గరగా గమనించండి. తలుపు చట్రంలో ఉన్న అలే పట్టీ అంచులోనూ కనిపిస్తే పని జరుగుతుంది. చట్రం వంకరగా ఉండి పట్టీ అంచు మాత్రం గీత గీసినట్టు నిటారుగా ఉంటే, ఆ పట్టీని కార్డో ఇంకో పరికరమో సొంతంగా వేసింది. ఇక దాంతో కొలవలేం.

పనికొస్తుందనుకుంటే పైథాన్, నంపై, ఓపెన్‌సీవీలతో చిన్న ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. వీడియోను ఓపెన్‌సీవీతో నేరుగా చదవకండి. అది ఆర్‌జీబీకి మార్చేటప్పుడు 16 కంటే తక్కువున్న నలుపు విలువలు కొట్టుకుపోతాయి. మనకి కావాల్సినవి అవే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నుంచి 4:2:2 ముడి రూపంలో నంపైలోకి పంపండి. తర్వాత:

1. ఫీల్డులు విడదీయండి. పాల్‌లో ఒక్కో ఫీల్డుకి 288 లైన్లు.
2. ప్రతి లైనులో మొదటి 30 పిక్సెళ్లు తీసుకుని, మూడు పిక్సెళ్ల సగటుతో నురగ తగ్గించండి.
3. పట్టీ నలుపు సగటు, దాని చెదురు (ప్రామాణిక విచలనం) కొలవండి. సగటుకి చెదురు నాలుగింతలు కలిపితే వచ్చేది గడప విలువ. వెలుగు ఆ గడప దాటిన చోటు బొమ్మ మొదలు. దాటిన రెండు పిక్సెళ్ల మధ్య నిష్పత్తి వేసి పిక్సెల్‌లో పదో వంతు దాకా లెక్కకట్టండి.
4. కుడి అంచుకీ ఇదే చేయండి. రెండు అంచులూ ఒకే వైపు, ఒకటిన్నర పిక్సెల్ లోపు తేడాతో జరిగితే నమ్మండి. ఒక అంచే జరిగితే అక్కడ చీకటి నీడో నల్ల జుట్టో ఉంది, ఆ లైనును ఖాళీగా వదలండి.
5. ఖాళీలను పై లైను, కింది లైను కొలతలతో పూరించండి. తర్వాత మూడు లైన్ల మీడియన్ తీయండి. అంతకంటే ఎక్కువ లైన్లు కలిపితే నిజమైన జిట్టర్ కూడా చదునైపోతుంది.
6. ఆ షాట్ మొత్తానికి అంచు మధ్యస్థ స్థానం లక్ష్యం. తేడా ఎంతుంటే అంత, రీమ్యాప్ ఫంక్షన్‌తో లాంక్జోస్ పద్ధతిలో ప్రతి లైనునూ జరపండి.
7. 4:2:2లో రంగు అడ్డంగా సగమే ఉంటుంది. కాబట్టి రంగుని సగం దూరమే జరపాలి. ఇది మరిస్తే సరైన బొమ్మ చుట్టూ రంగు అంచులు ఊగుతాయి.

పగటి దృశ్యాల్లో ఇది బాగా పనిచేస్తుంది. రాత్రి దృశ్యాల్లో, తెర చీకటయ్యే చోట్ల అంచే కనపడదు. సగానికి పైగా లైన్లు ఖాళీగా మిగిలిన ఫీల్డును ముట్టుకోకుండా వదిలేయండి. తప్పుగా జరిపిన లైను అసలు జిట్టర్‌కంటే ఎక్కువగా కంట్లో పడుతుంది.

అసలైన సాఫ్ట్‌వేర్ టీబీసీ: హెడ్ నుంచి నేరుగా

ఎంతో విలువైన టేపు, జిట్టర్ ఎక్కువ, పట్టీ అంచూ పనికిరాదు. అప్పుడు మిగిలేది వీహెచ్‌ఎస్‌డీకోడ్. లేజర్‌డిస్క్‌ల కోసం పుట్టిన ఎల్‌డీడీకోడ్ ప్రాజెక్టు నుంచి వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. వీసీఆర్ బయటికిచ్చే వీడియోను ఇది వాడదు. హెడ్ యాంప్లిఫయర్ దగ్గరి ఆర్‌ఎఫ్ (టేపు నుంచి హెడ్ చదివిన ముడి) సంకేతాన్నే నేరుగా రికార్డు చేసి, మిగతా పనంతా కంప్యూటర్‌లో చేస్తుంది. సింక్ పల్స్ చెక్కుచెదరకుండా దొరుకుతుంది కాబట్టి ప్రతి లైను మొదలునీ కనుక్కుని, పాల్‌లో లైనుకి 1135 నమూనాలు వచ్చేలా సాగదీసో కుదించో పేరుస్తుంది. పైభాగం వంపు కూడా దీంతోనే చాలావరకు పోతుంది.

దీనికి వీసీఆర్ మూత తీసి, ఆర్‌ఎఫ్ టెస్ట్ పాయింట్ దగ్గర కేబుల్ కలపాలి. ఆ యంత్రం సర్వీస్ మాన్యువల్ చూడకుండా మొదలుపెట్టకండి. పవర్ సప్లై భాగంలో మెయిన్స్ కరెంటు ఉంటుంది, ప్లగ్గు తీసిన కాసేపటి దాకా కెపాసిటర్లలోనూ నిలుస్తుంది. టంకం పని రానివాళ్లు వచ్చినవాళ్ల చేత చేయించుకోవాలి. రికార్డు చేయడానికి డోమ్స్‌డే డూప్లికేటర్ బోర్డు గానీ, కోనెక్సంట్ చిప్పు ఉన్న పాత టీవీ ట్యూనర్ కార్డు గానీ వాడతారు. ట్యూనర్ కార్డు దాని సహజ వేగమైన 28.6 మెగాహెర్ట్జ్ దగ్గర 8 బిట్లతో గంటకి దాదాపు 103 జీబీ రాస్తుంది. ఫ్లాక్‌తో కుదిస్తే బాగా తగ్గుతుంది.

డీకోడ్ అయ్యాక వెలుగుకీ రంగుకీ వేర్వేరు ఫైళ్లు వస్తాయి. ఎల్‌డీ అనలైజ్‌లో ఫ్రేములు చూసుకుని, టీబీసీ వీడియో ఎక్స్‌పోర్ట్‌తో ఎఫ్‌ఎఫ్‌వీ1 (నష్టం లేని కోడెక్) ఫైలుగా తీసుకోండి. ధ్వని సంగతి మరవద్దు. ఈ ఆర్‌ఎఫ్‌లో ధ్వని ఉండదు. మామూలు ధ్వనిని అదే ప్లేబ్యాక్‌లో విడిగా రికార్డు చేసుకుని తర్వాత కలపాలి. హైఫై ధ్వనికి వేరే ఆర్‌ఎఫ్ పాయింటు ఉంటుంది.

సరిచేశాక ఏది ముందు, ఏది వెనక

లైన్ సవరణ ఎప్పుడూ మొదట, ఫీల్డుల దశలోనే. తర్వాత నిలువు సవరణ. ఆ తర్వాతే క్యూటీజీఎంసీ అనే ఏవీసింథ్ స్క్రిప్టుతో డీఇంటర్లేస్. క్యూటీజీఎంసీ పక్క ఫ్రేముల కదలికను చూసి బొమ్మ కడుతుంది. ఎగిరే బొమ్మను దానికిస్తే ఆ ఎగురుడునే కదలిక అనుకుని వివరాలు చెరిపేస్తుంది. నిలువు కొలతకి ముందు వాడిన బాబ్ ఒట్టి కొలత కోసమేనా, తుది వీడియోకి కూడానా అన్నది చూసుకోండి. సవరణలు పూర్తి లైన్లలో, సరి సంఖ్యలో ఉంటే మళ్లీ ఫీల్డులుగా విడదీసి, వీవ్ చేసి (తిరిగి ఫ్రేములుగా అల్లి), క్యూటీజీఎంసీకి ఇవ్వొచ్చు. బేసి సంఖ్యలో జరిగిన చోట్ల బాబ్ కల్పించిన లైన్లే ఫీల్డులోకి వస్తాయి, కాస్త పదును తగ్గుతుంది. నాయిస్ తగ్గింపు అన్నిటికంటే చివర.

జరిపినందువల్ల అంచుల్లో చిరిగినట్టు కనిపించే చోటును, కింద హెడ్ మారే గీతలున్న ఎనిమిది పది లైన్లను సాగదీసి నింపకండి. నల్ల అంచుతో కప్పేయండి. పాల్‌లో ఎడమాకుడీ ఎనిమిదేసి పిక్సెళ్లు తీసి 704 × 576 చేసి, పిక్సెల్ నిష్పత్తి 12:11 పెడితే మనుషులు లావుగానో సన్నగానో కనపడరు. ఎన్‌టీఎస్‌సీకి 704 × 480, 10:11. ఎక్స్264 ఎన్‌కోడర్‌లో సీఆర్‌ఎఫ్ (నాణ్యత విలువ) 17 దగ్గర, సెకనుకి 50 ఫ్రేములు అలాగే ఉంచి తీయండి. ఇంటర్లేస్‌లో ఉన్న మృదువైన కదలిక 25కి దించితే పోతుంది.

తుది ఫైలు తీసే ముందు పాతదీ కొత్తదీ స్టాక్‌హారిజాంటల్‌తో పక్కపక్కన పెట్టి, సగం వేగంతో ఓ రెండు నిమిషాలు చూడండి. కళ్లు తలుపు చట్రం మీదా, మనిషి ముఖం మీదా పెట్టండి. చట్రం నిటారుగా నిలిచి ముఖం మాత్రం అలలుగా ఊగితే, ఆ షాట్‌లో సవరణ ఏదో తప్పు కొలతను నమ్మింది. ఆ షాట్‌ను విడదీసి, సవరణ లేకుండా అసలు ఫైలు నుంచే అతికించండి. అందుకే మొదటి క్యాప్చర్ ఫైలునూ, ఆర్‌ఎఫ్ ఉంటే దాన్నీ, సవరించిన కాపీ ఎంత బాగా వచ్చినా చెరపకుండా వేరే డిస్కులో దాచి ఉంచాలి.